విశాఖ టూరిజం మ్యాప్‌లో సికాకోల్ ఎక్కడ?

విశాఖలో ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్ బస్సులు తిరుగుతున్నాయి. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2025 ఆగస్టు 29న వీటిని ప్రారంభించారు. దూరం సుమారు 16 కిలోమీటర్లు. కావాల్సిన చోట దిగి, చూసుకుని, వెనక వచ్చే బస్సు ఎక్కొచ్చు. రోజంతా తిరిగే టికెట్ 500 రూపాయలు. అందులో సగం ప్రభుత్వం భరిస్తుందని, జనానికి 250కే ఇస్తామని ఆ రోజే ప్రకటించారు. పిల్లలతో వెళ్లే కుటుంబాలకు మంచి ఏర్పాటే. పై అంతస్తులో సీటు దొరికితే కైలాసగిరి, రుషికొండ, సముద్రం అన్నీ కనిపిస్తాయి.

అయితే ఆ బస్సు ఆర్కే బీచ్ నుంచి ఉత్తరానికే పోతుంది. దక్షిణానికి, అంటే వన్ టౌన్, పాత పోస్టాఫీసు, కురుపాం మార్కెట్, హార్బర్ వైపు రాదు. విశాఖ ఊరుగా మొదలైంది అటువైపే. హార్బర్ దగ్గర పక్కపక్కనే మూడు కొండలు ఉన్నాయి. ఒకదాని మీద వేంకటేశ్వర స్వామి గుడి, ఒకదాని మీద మేరీమాత చర్చి (రాస్ హిల్), ఇంకోదాని మీద ఇషాక్ మదీనా దర్గా. ఊళ్లో దాన్ని దర్గా కొండ అనే అంటారు. ఈ మూడు కొండల ఫొటో పెట్టి మత సామరస్యం అని రాయడం పత్రికలకు అలవాటు. దర్గా సంగతి మాత్రం ఆ ఒక్క వాక్యంతో ఆగిపోతుంది.

బ్రిటిష్ కాలపు జిల్లా గెజిటీర్‌లో ఇంతకంటే చాలా ఎక్కువ ఉంది. బంగాళాఖాతంలో గాలీ వానా ఈ వలీ చేతిలో ఉంటాయని ఓడల వాళ్లు నమ్మేవారట. హార్బర్ ముందు నుంచి వచ్చీపోయే ఓడలు జెండాను మూడుసార్లు దించి ఎగరేసి సలాం చేసేవట. సరుకు క్షేమంగా చేరితే హిందూ ఓడ యజమానులు వెండితో చేసిన చిన్న పడవలు తెచ్చి దర్గాకు సమర్పించేవారట. 1933 డిసెంబర్‌లో లార్డ్ విల్లింగ్డన్ వచ్చి విశాఖ పోర్టును ప్రారంభించడానికి చాలా ముందు సంగతి ఇది. అంటే పోర్టు కట్టకముందే ఈ తీరానికి ఓడల చరిత్ర ఉంది, అందులో ఒక ముస్లిం బుజుర్గ్ పేరు ఉంది. బస్సులో తిరిగే పర్యాటకుడికి ఈ కథ చెప్పేవాళ్లు లేరు.

ఇప్పుడు ఓడలు మళ్లీ వస్తున్నాయి. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ ఓడ ‘ఎంప్రెస్’ విశాఖ నుంచి ప్రయాణికులను ఎక్కించుకుంది. 2023 సెప్టెంబర్ 4న కేంద్ర మంత్రి సర్బానంద సోనోవాల్ సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్‌ను ప్రారంభించారు. 2024 ఏప్రిల్‌లో ‘ది వరల్డ్’ అనే విదేశీ ఓడ వచ్చింది. ఇలా ఓడ దిగినవాళ్లకు ఊళ్లో ఉండేది ఒక పగలు, మహా అయితే ఒక రాత్రి. ఆ కాస్త టైంలో ఏం చూపించాలో ఎవరో ముందే కాగితం మీద రాసిపెడతారు. అలా రాసేవాళ్ల బల్ల మీద మన దర్గా గురించి, మన మసీదుల గురించి ఒక్క పేజీ అయినా ఉందా అన్నదే ప్రశ్న.

మోస్తార్, సరయేవో చెప్పేది

టూర్ ఏజెన్సీల ప్రకటనల్లో ఈమధ్య బాల్కన్ దేశాల పేర్లు కనిపిస్తున్నాయి. వారం పది రోజుల ప్యాకేజీ, బస్సుకో గైడ్. క్రొయేషియాలో దుబ్రోవ్నిక్, బోస్నియాలో మోస్తార్, సరయేవో, ఆపైన స్కోప్యే, ఓహ్రిద్ లాంటి ఊళ్లు. వీటిలో చాలావాటిని ఒట్టోమన్ తుర్కులు వందల ఏళ్లు పాలించారు. యూరప్‌లోనే పుట్టి పెరిగిన ముస్లింలు, వాళ్ల మసీదులు, బజార్లు, హమామ్‌లు అక్కడ ఉన్నాయి. ఆ ప్యాకేజీల్లో ముస్లిం చరిత్ర పక్కన పెట్టిన అధ్యాయం కాదు. టికెట్ అమ్ముడుపోవడానికి అదే ముఖ్య కారణం.

మోస్తార్‌నే తీసుకుందాం. నెరెత్వా నది మీద 1566లో కట్టిన ఒంటి కమాను రాతి వంతెన ఆ ఊరికి గుర్తు. మిమార్ హైరుద్దీన్ అనే వాస్తుశిల్పి పనితనం. 1993 నవంబర్ 9న బోస్నియా యుద్ధంలో క్రొయేట్ బలగాలు ట్యాంకు గుళ్లతో దాన్ని కూల్చేశాయి. పాత కొలతలు, పటాలు, ఫొటోలు జాగ్రత్తగా ఉన్నాయి కాబట్టి అదే రకం రాయితో మళ్లీ కట్టగలిగారు. 2004 జూలై 23న తెరిచారు, మరుసటి ఏడాది యునెస్కో గుర్తింపు వచ్చింది. ఇప్పుడు దాని మీద నడవని బాల్కన్ టూర్ ఉండదు.

బాన్యా లూకా ఊళ్లో 1579 నాటి ఫర్హాదియా మసీదుది ఇంకా కష్టమైన కథ. 1993 మే 7న పేల్చేశారు. రాళ్లను కూడా ఊరి బయట చెత్తలో పోశారు. యుద్ధం ముగిశాక ఆ రాళ్లను ఏరి తెచ్చి, పాత రికార్డులు దగ్గర పెట్టుకుని ఏళ్ల తరబడి కట్టారు. 2016లో అదే మే 7న తలుపులు తీశారు. కట్టడం లేకుండా పోయినా కాగితం మిగిలింది కాబట్టే అది సాధ్యమైంది.

సరయేవోలో ఉన్నది తెలుగు ముస్లింలకు ఇంకా దగ్గరి విషయం, వక్ఫ్. సుల్తాను తరఫున బోస్నియాను పాలించిన గాజీ ఖుస్రూ బేగ్ 1531 ప్రాంతంలో అక్కడ పెద్ద మసీదు కట్టించాడు, తర్వాత 1537లో మదర్సా, దాంతోపాటు కుతుబ్‌ఖానా. ఇవి నడవడానికి బజారు కట్టడాలు, దుకాణాలు వక్ఫ్ చేసి వక్ఫ్‌నామా రాయించాడు. దుకాణాల కిరాయితో మసీదు దీపం వెలగాలన్నది లెక్క. మధ్యలో కమ్యూనిస్టు ప్రభుత్వం వక్ఫ్ ఆస్తుల్ని చాలావరకు తీసేసుకుంది, తర్వాత యుద్ధం వచ్చింది. అయినా ఆ గవర్నర్ పేరు, మసీదు, మదర్సా, కుతుబ్‌ఖానా నేటికీ ఉన్నాయి. నమాజు వేళలు తప్పించి మిగతా టైంలో పర్యాటకులు టికెట్ కొని లోపలికి వెళ్తారు. లోపల ఎలా ఉండాలో, ఎక్కడ నిలబడాలో చెప్పేవాళ్లు ఉంటారు. నమాజుకు ఇబ్బంది లేదు, నిర్వహణకు నాలుగు డబ్బులు వస్తాయి, వచ్చినవాడికి మసీదు అంటే ఏంటో తెలుస్తుంది.

బోస్నియా గవర్నర్‌తో పోల్చదగ్గ మనిషి ఉత్తరాంధ్రలోనూ ఒకడు ఉన్నాడు, వందేళ్లు తర్వాత. అతని పేరు షేర్ మహమ్మద్ ఖాన్. ఈ పేరు విన్నవాళ్లు ఎంతమంది?

ఒక ఫౌజ్‌దార్, మూడు ఊళ్లు

విశాఖ నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్లు దాటి కాస్త ఎక్కువ. దారిలో భీమిలి, విజయనగరం ఉన్నాయి, కొంచెం చుట్టు తిరిగితే బొబ్బిలి వస్తుంది. మూడు రోజుల టూర్‌కి సరిపోయే దూరం ఇది. ఈ ఊళ్లన్నీ ఒకప్పుడు ఒకే పాలనలో ఉండేవి. గోల్కొండ కుతుబ్‌షాహీ రాజ్యం తూర్పు తీరాన్ని సర్కార్లుగా పంచి పాలించింది. వాటిలో ఉత్తరాన చివరిది సికాకోల్ సర్కార్. అదే ఇంగ్లీషువాళ్ల నోట చికాకోల్ అయింది, ఇప్పుడు శ్రీకాకుళం. ఆ ఫార్సీ మాట మన నోట్లో ఇంకా ఉంది. కోస్తా జిల్లాలను సర్కారు జిల్లాలు అంటాం, సర్కార్ ఎక్స్‌ప్రెస్ అని రైలు కూడా ఉంది.

ఆ సర్కార్‌కు కుతుబ్‌షాహీలు పంపిన మొదటి ఫౌజ్‌దార్ షేర్ మహమ్మద్ ఖాన్. శ్రీకాకుళంలోని జామియా మసీదు 1641లో అతను కట్టించిందే అని బ్రిటిష్ గెజిటీర్లు రాశాయి. అంటే హైదరాబాద్ మక్కా మసీదు పని ఇంకా సాగుతున్న రోజుల్లో, సముద్రం పక్కన నాగావళి ఒడ్డున ఈ మసీదులో అజాన్ వినిపించింది. దాదాపు 400 ఏళ్లు కావస్తోంది.

భీమిలిలో చూపించేది డచ్‌వాళ్ల సమాధులు, పాత లైట్‌హౌస్, 1861లోనే ఏర్పడిన మునిసిపాలిటీ. డచ్ వర్తకులు వచ్చి దిగినప్పుడు ఈ తీరం గోల్కొండ సుల్తానులది. ఆ మాట ఒక్కటి కలిపితే చాలు, డచ్ సమాధుల కథకు ముందు వెనక తెలుస్తాయి. భీమిలి గురించి ఇంతకంటే ఇక్కడ అవసరం లేదు.

విజయనగరంలో 1713 నాటి కోట ఉంది. దాన్ని కట్టిన పూసపాటి వంశం ఈ ప్రాంతానికి ఎలా వచ్చింది? ఆ వంశపు మాధవవర్మ 1652 ప్రాంతంలో షేర్ మహమ్మద్ ఖాన్ వెంట వచ్చాడని జిల్లా చరిత్ర గ్రంథాలు చెబుతాయి. అదే ఊళ్లో బాబామెట్ట మీద ఖాదర్ వలీ బాబా దర్గా ఉంది, ఉర్సుకు అన్ని మతాలవాళ్లూ వస్తారు. కోట చూసే టూర్‌లో బాబామెట్ట ఉండదు. బాబామెట్టకు జియారత్ కోసం వచ్చేవాళ్లు కోట వైపు వెళ్లరు. రెండూ ఒకే ఊళ్లో ఉన్నాయి.

బొబ్బిలి కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. బొబ్బిలి అనగానే తెలుగువాళ్లకు 1757 జనవరి 24 నాటి యుద్ధం గుర్తొస్తుంది. ఫ్రెంచి సేనాని బుస్సీ, అతని దివాను హైదర్ జంగ్, విజయనగరం రాజు విజయరామరాజు ఒకవైపు, కోటలో రంగారావు మరోవైపు. చివర్లో తాండ్ర పాపారాయుడు విజయరామరాజును డేరాలో పొడిచి చంపడం. 1964లో ‘బొబ్బిలి యుద్ధం’, 1986లో ‘తాండ్ర పాపారాయుడు’ అని రెండు సినిమాలు వచ్చాయి. ఆ సినిమాలు చూసినవాళ్లకు ఈ కథలో గుర్తుండే ముస్లిం పేరు హైదర్ జంగ్ ఒక్కటే, అదీ విలన్‌గా.

ఆ ఊరి పేరు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. బొబ్బిలి సంస్థానాన్ని స్థాపించిన వంశం కూడా షేర్ మహమ్మద్ ఖాన్ సైన్యంతోపాటే వచ్చింది. తమకు జాగా ఇచ్చిన ఫౌజ్‌దార్ పేరు మీద ఊరు కట్టుకున్నారు. షేర్ అంటే పులి. తెలుగులో పెద్దపులి, బెబ్బులి. ఆ బెబ్బులే వాడుకలో బొబ్బిలి అయిందని సంస్థాన చరిత్ర, గెజిటీర్లు చెబుతున్నాయి. ఉర్దూ పేరును తెలుగు చేసి ఊరికి పెట్టుకున్నారన్నమాట. ఉర్దూ, తెలుగు రెండూ మాట్లాడే ఇళ్లలో పిల్లలకు చెప్పాల్సిన కథ ఇది. బొబ్బిలి వెళ్లినవాళ్లు కోట చూస్తారు, వీణ కొనుక్కుంటారు. ఈ సంగతి తెలియకుండానే తిరిగొస్తారు.

గైడ్ ఇక్కడ ఒక జాగ్రత్త పడాలి. షేర్ మహమ్మద్ ఖాన్ వలీ కాడు. సైన్యంతో వచ్చిన అధికారి, శిస్తు వసూలు చేసి గోల్కొండకు పంపిన మనిషి. అతన్ని ఆకాశానికెత్తే టూర్ ఎవరికీ పనికిరాదు. అతనితో వచ్చిన రెండు హిందూ జమీందారీ వంశాలు వందేళ్లు తిరిగేసరికి ఒకరినొకరు ఎందుకు చంపుకున్నాయి, మధ్యలో ఫ్రెంచివాళ్లు ఎలా దూరారు, 1753లో నిజాం సలాబత్ జంగ్ ఈ సర్కార్లను వాళ్లకు ఎందుకు రాసిచ్చాడు, 1766 ఒప్పందంతో ఇంగ్లీషువాళ్ల చేతికి ఎలా పోయాయి. ఇదంతా చెబితేనే చరిత్ర. తర్వాత ఆర్కాటు నవాబైన అన్వరుద్దీన్ ఖాన్ కూడా అంతకుముందు సికాకోల్ ఫౌజ్‌దార్‌గా పనిచేశాడు. మద్రాసు చరిత్రకు వెళ్లే దారి ఒకటి శ్రీకాకుళం మీదుగా పోతుంది.

శ్రీకాకుళంలో మసీదుతోపాటు చెప్పాల్సింది నేత. చికాకోల్ మస్లిన్లు ఒకప్పుడు దూర దేశాలకు ఎగుమతి అయ్యాయి. ఆ నేత వాసన ఇప్పటికీ పొందూరు ఖద్దరులో ఉంది. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. అరసవల్లి సూర్యదేవాలయం, శ్రీకూర్మం, వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ స్తూపాలు, ఈ జామియా మసీదు, అన్నీ ఒక రోజు ప్రయాణంలో వస్తాయి. బాల్కన్‌లో ఇలాంటి ఊరు ఉంటే బస్సులు వరస కట్టేవి.

డబ్బు ఎటు పోయింది

కేంద్రం స్వదేశ్ దర్శన్ పథకం కింద 2017-18లో ఆంధ్రప్రదేశ్‌కు బౌద్ధ సర్క్యూట్ మంజూరు చేసింది. శాలిహుండం, తొట్లకొండ, బావికొండ, బొజ్జన్నకొండ, అమరావతి, అనుపు. మొత్తం 35.24 కోట్ల రూపాయలు. అందులో తప్పు లేదు. తొట్లకొండను 1976లో నేవీ సర్వే బయటపెట్టిన దగ్గర్నుంచి పండితులు, ఉద్యమకారులు, స్థానికులు దాని వెంట పడ్డారు. భూములు ఆక్రమణ కాకుండా కోర్టుల దాకా వెళ్లారు. రికార్డు తయారు చేశారు కాబట్టి పథకం వచ్చింది. సింహాచలానికి ప్రసాద్ పథకం వచ్చింది. 2024 చివర్లో రాష్ట్రం తెచ్చిన కొత్త టూరిజం పాలసీ పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. అంటే ప్రైవేటు పెట్టుబడికీ దారి తెరుచుకుంది.

సికాకోల్ సర్కార్ చరిత్ర పేరుతో ఒక ప్రతిపాదన తయారుచేసి టూరిజం శాఖకు ఇవ్వడం మసీదు కమిటీల పని కాదని చాలామంది అనుకుంటారు. ఇంకో కారణం కూడా ఉంది, అది బయటికి చెప్పరు. భయం. పాత మసీదు అని పేపర్లో వస్తే దాని కింద ఏముంది, దేని మీద కట్టారు అనే ప్రశ్నలు మొదలవుతాయేమో, ఎందుకొచ్చిన గొడవ, మన నమాజు మనం చేసుకుందాం అన్నది చాలామంది పెద్దల మాట.

ఈ భయాన్ని కొట్టిపారేయలేం. 1991 నాటి ప్రార్థనా స్థలాల చట్టం 1947 ఆగస్టు 15 నాటికి ఏ ప్రార్థనా స్థలం ఎలా ఉందో అలాగే ఉండాలంటుంది. అయినా దేశంలో దావాలు ఆగలేదు. 2024 డిసెంబర్ 12న సుప్రీంకోర్టే కల్పించుకుని కొత్త దావాలు నమోదు చేయొద్దని, సర్వేలకు ఆదేశాలివ్వొద్దని కింది కోర్టులకు చెప్పాల్సి వచ్చింది. ఇలాంటి రోజుల్లో మౌనంగా ఉండటమే క్షేమం అనిపించడం సహజం.

మౌనం కాపాడుతుందా అంటే బాల్కన్‌లో విషెగ్రాద్ అనే ఊరు గుర్తొస్తుంది. ద్రీనా నది మీద 1577 నాటి వంతెన, మహా శిల్పి సినాన్ కట్టింది, యునెస్కో జాబితాలో ఉంది. 1992లో ఆ ఊళ్లో బోస్నియా ముస్లింలను చంపి వంతెన మీద నుంచి నదిలో పడేశారు. యుద్ధ నేరాల ట్రిబ్యునల్ తీర్పుల్లో ఇవన్నీ నమోదయ్యాయి. యుద్ధానికి ముందు ఊళ్లో ముస్లింలే ఎక్కువ, ఇప్పుడు చాలా కొద్దిమంది. వంతెన ఉంది, పర్యాటకులు వస్తున్నారు, కథ చెప్పేవాళ్లు మారిపోయారు. మోస్తార్‌లో కూడా రెండు ఒడ్ల మీద రెండు రకాల చరిత్ర వినిపిస్తుంది. మనం చెప్పకుండా వదిలేసిన కథను ఇంకెవరో తమకు నచ్చినట్టు చెబుతారు. ఉత్తరాంధ్రకు, బోస్నియాకు పోలికే లేదు, ఇక్కడ యుద్ధం లేదు, దర్గా కొండకు హిందువులు ఇప్పటికీ వస్తున్నారు. అందుకే కథ చెప్పడానికి ఇక్కడ పరిస్థితి అనుకూలంగా ఉంది. మంచి రోజుల్లోనే కాగితం సిద్ధం చేసుకోవాలి.

వక్ఫ్ చట్టం, వారసత్వ బోర్డు

ఇందులో చట్టం చిక్కు ఒకటి ఉంది. కమిటీలు తెలుసుకోవాలి. 2025 ఏప్రిల్ 8న అమల్లోకి వచ్చిన వక్ఫ్ సవరణ చట్టం ‘వాడుక వల్ల వక్ఫ్’ అనే పద్ధతిని ఇకముందు కోసం తీసేసింది. పాతకాలంలో చాలా మసీదులకు, ఖబ్రస్తాన్‌లకు దస్తావేజు ఉండదు, తరతరాలుగా నమాజు జరుగుతోంది కాబట్టి అవి వక్ఫ్. చట్టం రాకముందే అలా రిజిస్టరైనవి వక్ఫ్‌గానే ఉంటాయి. ఆస్తి వివాదంలో ఉన్నా, ప్రభుత్వానిదని తేలినా ఆ మేరకు మినహాయింపు. 2025 సెప్టెంబర్ 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులో కొన్ని సెక్షన్లను ఆపింది, దీన్ని ఆపలేదు.

ఆపని వాటిలో ఇంకొకటి 3డీ సెక్షన్. ఒక కట్టడం 1904 లేదా 1958 నాటి పురాతన కట్టడాల చట్టాల కింద రక్షిత కట్టడంగా ఉన్న సమయంలో దాన్ని వక్ఫ్‌గా ప్రకటించి ఉంటే ఆ ప్రకటన చెల్లదు. కాబట్టి వరస ముఖ్యం. వక్ఫ్ రికార్డు ముందు సరిగ్గా ఉందో లేదో చూసుకోకుండా, ఉత్సాహంతో కేంద్ర పురావస్తు శాఖకు అప్పగించండి అని అర్జీ పెట్టడం తెలివైన పని కాదు. రక్షిత కట్టడంలో అప్పటికే జరుగుతున్న ప్రార్థనలకు 1958 చట్టం అడ్డు చెప్పదు, నిజమే. నిర్వహణ ఎవరిది, మరమ్మతుకు ఎవరి అనుమతి కావాలి అన్నది మాత్రం అప్పుడు వేరే లెక్క. టూరిజం శాఖ పెట్టే బోర్డుకు, గైడ్ చెప్పే కథకు రక్షిత కట్టడం హోదా అక్కర్లేదు. ఈ తేడా చాలామందికి తెలియదు.

వక్ఫ్ ఆస్తుల వివరాలు ఎక్కించడానికి 2025 జూన్ 6న ఉమీద్ పోర్టల్ తెరిచారు. ఆరు నెలల గడువు ఇచ్చారు. గడువు పెంచడానికి డిసెంబర్ 1న సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, అవసరమైనవాళ్లు ట్రిబ్యునల్‌కు వెళ్లండంది. ఆ ఆరు నెలల్లో దేశమంతా ముతవల్లీలు పాత కాగితాల కోసం బీరువాలు వెతికారు. ఆ వెతుకులాటలో బయటపడ్డ పటాలు, ఇనామ్ పత్రాలు, పాత ఫొటోలు ఇప్పుడు మళ్లీ బీరువాలోకి పోకూడదు. పోర్టల్‌కు పనికొచ్చిన కాగితమే చరిత్ర చెప్పడానికీ పనికొస్తుంది.

ఎవరు చేస్తారు, ఎంత ఖర్చు

ఇందులో ఉద్యోగం కూడా ఉంది. మదర్సాలో చదివిన కుర్రాడికి అరబ్బీ లిపి వచ్చు, ఉర్దూ వచ్చు, కాస్త ఫార్సీ పట్టు ఉంటుంది, తెలుగు ఎలాగూ మాతృభాషలాంటిదే. ఉత్తరాంధ్ర ఊళ్లలో రాతి మీద ఉన్న ఫార్సీ అక్షరాలు చదివి తెలుగులో చెప్పగలిగేవాళ్లు టూరిజం రంగంలో దాదాపు లేరు. ఆ కుర్రాడికి కావాల్సింది ఇంగ్లీషు, మంచి మాటతీరు, చరిత్రలో శిక్షణ. పర్యాటకులకు తోడుండి ఊరు చూపించేవాళ్ల కోసం కేంద్ర టూరిజం శాఖ ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్ కోర్సు నడుపుతోంది. విశాఖలో ఇన్‌టాక్ సంస్థ పాత నగరంలో హెరిటేజ్ వాక్‌లు చేస్తూ వచ్చింది. వాళ్లతో రెండు మూడు సార్లు నడిస్తే పని ఎలా ఉంటుందో తెలిసిపోతుంది.

ఖర్చు లెక్కకు వస్తే, విదేశీ టూర్ ప్యాకేజీ కొన్నప్పుడు ముందే వసూలు చేసే టీసీఎస్ 10 లక్షల దాకా 5 శాతం, ఆపైన 20 శాతం ఉండేది. 2026 ఫిబ్రవరి బడ్జెట్‌లో 2 శాతానికి తగ్గించారు. ఉమ్రా ప్యాకేజీకీ ఇదే వర్తిస్తుంది. తర్వాత రిటర్న్ వేసి సర్దుబాటు చేసుకోవచ్చు కానీ అప్పటిదాకా డబ్బు చేతిలో ఉండదు కదా, అందుకే తగ్గింపు మంచిదే. దానివల్ల బయటి దేశాల ప్యాకేజీలు ఇంకా అమ్ముడవుతాయి, స్తోమత ఉన్నవాళ్లు సరయేవో తప్పకుండా చూడాలి కూడా. ఇక్కడి టూర్‌కి మాత్రం టీసీఎస్ లేదు, వీసా లేదు. ప్యాకేజీ మీద 5 శాతం జీఎస్టీ. రోజుకు 7,500 లోపు హోటల్ గదుల మీద పన్ను 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. విజయనగరం, శ్రీకాకుళంలో కుటుంబాలు దిగే లాడ్జీలన్నీ ఈ పరిధిలోనే వస్తాయి. ఇరవై మంది కలిసి మినీ బస్సు మాట్లాడుకుంటే మధ్య తరగతి ఇంటికి భారం కాదు.

మూడు రోజులు ఎలా వేసుకోవచ్చో కూడా చూద్దాం. బుధవారం విశాఖ పాత నగరం, దర్గా కొండ, సాయంత్రం భీమిలి. గురువారం విజయనగరం, బొబ్బిలి, రాత్రికి శ్రీకాకుళం. శుక్రవారం పొద్దున్నే పొందూరు, మధ్యాహ్నం 1641 నాటి మసీదులో జుమా, తిరిగొచ్చేటప్పుడు శాలిహుండం. హలాల్ భోజనం ఊరి వాళ్లకు ముందే చెబితే దొరుకుతుంది, అక్కడి వంటవాళ్లకు నాలుగు డబ్బులు. ఇబ్బంది ఆడవాళ్లకే. నమాజుకు చోటు, వజూ చేసుకునే జాగా, శుభ్రమైన బాత్‌రూమ్, ఈ మూడూ లేకపోతే కుటుంబాలు రెండోసారి రావు. ముస్లిమేతర పర్యాటకులు వస్తే ఎక్కడిదాకా రావాలి, ఏ టైంలో రావాలి, ఫొటోలు తీయొచ్చా అన్నది గోడ మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో రాసి పెట్టాలి. సరయేవోలో చేస్తున్నది ఇదే.

ముందుగా చేయాల్సిన పని చిన్నది. ఈ ఊళ్లలోని పాత మసీదులు, దర్గాలు, ఖబ్రస్తాన్‌లలో రాతి మీద ఏ అక్షరం ఉన్నా సున్నం వేసేముందు ఫొటో తీయాలి, పొద్దుటి ఏటవాలు ఎండలో అయితే చెక్కిన గీతలు బాగా పడతాయి. చాలా చోట్ల ఏటా రంజాన్‌కి ముందు వేసే సున్నం కింద పాత శాసనాలు మూసుకుపోతుంటాయి. కేంద్ర పురావస్తు శాఖలో అరబ్బీ, ఫార్సీ శాసనాలు చదివే విభాగం నాగ్‌పూర్‌లో ఉంది. కమిటీ లెటర్‌హెడ్ మీద ఊరు, కట్టడం పేరు, రాయి ఏ గోడకు ఉందో, పొడవు వెడల్పు ఎంతో రాసి ఫొటోలు జత చేసి అక్కడికి పంపొచ్చు. జవాబు వస్తే దాని కాపీ వక్ఫ్ ఫైల్‌లో ఒకటి, విశాఖ టూరిజం ఆఫీసులో ఒకటి ఇవ్వాలి. వచ్చే రంజాన్ సున్నం బకెట్లు బయటికి తీసేలోపు ఈ ఫొటోలు తీయడం పూర్తి కావాలి.